కుళాయి తిప్పిన కోతికి ఏం తెలుసు?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరబడితే సరిచేయండి. సింహాచలం కొండ దిగువన, అడవివరం వైపు మీ డాబా ఇల్లు ఉంది. డాబా మీద ట్యాంకు పక్కన ఉన్న కుళాయిని మార్చి నెలాఖరులో ఒక ఆడకోతి తిప్పి నీళ్లు తాగడం మీరు చూశారు. మూడు వారాలు తిరగకుండానే అదే మందలోని మరో రెండు కోతులు ఆ పని మొదలుపెట్టాయి. తాగాక ఏదీ కుళాయి కట్టడం లేదు, ట్యాంకు ఖాళీ అయిపోతోంది. ఇది తెలివా, కాకతాళీయమా, మిగిలిన రెండూ మొదటిదాన్ని చూసి నేర్చుకున్నాయా, దీన్ని ఆపడం ఎలా అని అడిగారు.

నేను విశాఖలోనే ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించాను. కంబాలకొండ దారుల్లో, సింహాచలం మెట్ల మీద, చేపలరేవులో వాళ్లతో కలిసి జంతువుల ప్రవర్తనను గమనిస్తూ చాలా ఉదయాలు గడిపాను. ఆ అనుభవంతో సూటిగా చెప్పగలిగింది ఇది. ఆ ఆడకోతి ఒక కొత్త పని నేర్చుకుందనడంలో సందేహం లేదు. కుళాయి పనిచేసే తీరు దానికి అర్థమైందని మాత్రం మీరు చూసినదాన్నిబట్టి చెప్పలేము. మిగిలిన రెండూ దాన్ని అనుకరించాయనడానికి ఆధారం ఇంకా తక్కువ. వాటికి బహుశా పాఠం చెప్పింది కారుతూ వదిలేసిన కుళాయే. ఇక తెలివి సంగతి తేల్చే సాక్ష్యం మీరు తీసిన వీడియోలో దొరకదు. అందులో ఉన్నది ఫలించిన ప్రయత్నం. దానికి ముందు ఫలించని ప్రయత్నాలు ఎన్ని జరిగాయి, ఎలా జరిగాయి అన్నదే అసలు సాక్ష్యం.

ముందుగా ఆ కోతి ఏ జాతిదో తెలియాలి. గోదావరికి ఉత్తరాన ఉన్న మన వైపు ప్రధానంగా కనిపించేది రీసస్ కోతి. దాని తోక శరీరం పొడవులో సగం దాకా ఉంటుంది, నడుము నుంచి వెనుక భాగం నారింజ ఛాయతో ఎర్రబారి ఉంటుంది. దక్షిణాదిలో కనిపించే బోనెట్ కోతికి నడినెత్తి మీద టోపీ పెట్టినట్టు జుట్టు పరుచుకుని ఉంటుంది, తోక శరీరం కంటే పొడవు. మీ వర్ణననుబట్టి అది రీససే. రీసస్ మందల్లో ఆడవి పుట్టిన మందలోనే జీవితాంతం ఉండిపోతాయి, మగవి యుక్తవయసులో మంద విడిచి వెళ్లిపోతాయి. కాబట్టి ఆ తర్వాత నేర్చుకున్న రెండూ మొదటిదాని పిల్లలో, అక్కచెల్లెళ్లో కావచ్చు. అవి దాని పక్కన కూర్చుంటే అది కసురుతుందా, ఊరుకుంటుందా అన్నది గమనించండి. ఆ విషయం కింద మళ్లీ వస్తుంది.

మీరు వాడిన ‘కాకతాళీయం’ అనే మాట ఈ చర్చకు నిజంగా తగినది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. చూసినవాడు కాకే రాల్చిందనుకున్నాడు. జంతువు చేష్టనూ, దాని వెంట జరిగిన ఫలితాన్నీ కలిపి చూసేటప్పుడు మనసు ఎంత తొందరపడుతుందో మనవాళ్లు ఆ ఒక్క న్యాయంలో చెప్పి పెట్టారు. ప్రవర్తన శాస్త్రంలో నవకల్పన అనిపించుకోవాలంటే ఒక జంతువు తన మందలో అంతకు ముందు లేని పనిని కనిపెట్టాలి, లేదా పాత పనిని కొత్త సందర్భంలో వాడాలి. ఆ పని మళ్లీ మళ్లీ చేయగలగాలి. మొదటిసారి కుళాయి తిరగడం కాకతాళీయమే అయివుండవచ్చు. అయినా ఆ యాదృచ్ఛిక సంఘటనలోంచి పనికొచ్చే ముక్కను పట్టుకుని మర్నాడు అదే చోటికి వచ్చి అదే పిడి పట్టుకోవడం కాకతాళీయం కాదు. చాలా నవకల్పనలు ఇలాగే పుడతాయని నా అభిప్రాయం: మొదట అదృష్టం కలిసివస్తుంది, దాన్ని వదిలిపెట్టకపోవడం జంతువు ప్రతిభ.

దీనికి అచ్చంగా సరిపోయే పాత ఉదాహరణ ఒకటి ఉంది. బ్రిటన్‌కు చెందిన లాయిడ్ మోర్గన్ అనే శాస్త్రవేత్త 1894లో తన కుక్క టోనీ గురించి రాశారు. ఇంటి ముందున్న ఇనుప గేటు గడియను ఆ కుక్క తలతో పైకెత్తి గేటు తెరుచుకుని వీధిలోకి వెళ్లిపోయేది. దారినపోయేవాడెవడైనా చూస్తే గడియకూ గేటుకూ ఉన్న సంబంధం కుక్కకు తెలిసిపోయిందనే అనుకుంటాడు. అయితే మోర్గన్ ఆ కథను మొదటినుంచీ చూశారు. బయటికి పోవాలన్న ఆత్రంతో కుక్క ఊచల మధ్య ఎక్కడ పడితే అక్కడ తల దూర్చి వీధిలోకి చూసేది. అలా దూర్చగా దూర్చగా ఒకసారి తల గడియ కిందికి వచ్చింది, గడియ లేచింది, గేటు తెరుచుకుంది. ఆ తర్వాత కూడా అది నేరుగా సరైన ఊచల దగ్గరికి వెళ్లి తడబడకుండా గడియ ఎత్తడానికి వారాలు పట్టింది. అనవసరమైన చోట్ల తల దూర్చడం కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. సరళమైన మానసిక ప్రక్రియతో వివరించగలిగిన పనికి అంతకంటే ఉన్నతమైన ప్రక్రియను ఆపాదించకూడదని ఆయన పెట్టిన నియమాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాము. ఇది జంతువును తక్కువ చేసే నియమం కాదు; చూసేవాడి తొందరను అదుపులో పెట్టే నియమం.

ఆ తొందర నాకూ ఒకప్పుడు ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విద్యార్థి వసతిగృహం వెనుక ఒక కోతి డ్రమ్ము మూత మరలు తిప్పి తీయడం చూశాను. అది రెండు చేతులతో మూత అంచు పట్టుకుని, తల పక్కకు వంచి, ఒక్క తిప్పుతో మూత తీసి కింద పెట్టి, అన్నం మెతుకులు ఏరుకుంది. నేను ఆ సాయంత్రమే నా పుస్తకంలో ‘సమస్యను చూసి, ఆలోచించి, ఒక్కసారిగా పరిష్కరించింది’ అని రాసుకున్నాను, తరగతిలోనూ చెప్పాను. కొన్ని వారాల తర్వాత అక్కడి కాపలా మనిషి మాటల మధ్య చెప్పాడు: పందులకు పెట్టే ఎంగిలి అన్నం తీసుకెళ్లేవాళ్లు రోజూ పొద్దున్నే వస్తారని తాను మూతను బిగించకుండా ఊరికే ఆనించి ఉంచుతాడట, ఆ కోతి నెలల తరబడి ఆ మూతను తోస్తూ, కొరుకుతూ, లాగుతూ ఉండేదట. నేను చూసింది ఒక పొడవైన కథలోని చివరి పేజీ. తరగతిలో చెప్పినదాన్ని అదే తరగతిలో సరిదిద్దుకున్నాను. ఆ రోజునుంచి ‘ఇది మొదటిసారి చేయడం ఎవరు చూశారు?’ అని అడగకుండా ఏ జంతువు తెలివి గురించీ రాయలేదు.

మీ డాబా మీద జరిగినది కూడా టోనీ కథలాంటిదే కావచ్చు. కుళాయి మూతి నుంచి చుక్కలు పడుతూ ఉండేవని మీరే రాశారు. వేసవి ముదురుతున్న రోజులు. కోతి ముందు ఆ చుక్కలను నాకి ఉంటుంది, మూతిని నోట్లో పెట్టుకుని పీల్చి ఉంటుంది, ఆ పట్టులో చేయి పిడి మీద పడి ఉంటుంది. మీది పావుచుట్టు తిరిగే పిడి: పైపుకు సమాంతరంగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టినట్టు. అది కొంచెం కదిలినా ధార వస్తుంది, కాబట్టి పొరబాటున తగిలిన చేతికి కూడా వెంటనే బహుమానం దక్కుతుంది. 1898లో థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త పిల్లులను పెట్టెల్లో పెట్టి, గడియ తీసుకుని బయటపడటానికి ప్రతిసారీ ఎంత సేపు పడుతోందో కొలిచారు. ఆ సమయం చాలావరకు క్రమంగా తగ్గుతూ వచ్చింది. ఒక్కసారిగా అర్థమైపోయినట్టు పడిపోలేదు. మీ ఆడకోతి డాబా ఎక్కిన క్షణం నుంచి ధార వచ్చే దాకా పట్టిన సమయాన్ని మీరు రోజూ రాసి ఉంటే మన దగ్గర ఇవాళ ఎంతో విలువైన సమాచారం ఉండేది. తాగాక కట్టడం లేదన్న మాటను మాత్రం తెలివితక్కువతనానికి రుజువుగా తీసుకోకండి. ట్యాంకు ఖాళీ అయితే నష్టం మీకు. దానికి కట్టవలసిన అవసరమే లేదు.

అలాగని జంతువులకు కారణకార్యాలు బొత్తిగా అంతుపట్టవని చెప్పడం కూడా తప్పే. దాహం వేసిన కాకి కుండలో రాళ్లు వేసిన కథ మనందరం రెండో తరగతికి ముందే విన్నాము. 2009లో కేంబ్రిడ్జ్‌లో క్రిస్ బర్డ్, నేథన్ ఎమరీ ఆ కథనే ప్రయోగంగా మార్చారు. రూక్ అనే, కాకి జాతికి చెందిన నాలుగు పక్షుల ముందు నిలువు గొట్టంలో కొంత నీరు పోసి, దాని మీద పురుగును తేలనిచ్చి, పక్కన రాళ్లు పెట్టారు. అవి రాళ్లు వేసి నీటిమట్టం పెంచి పురుగును అందుకున్నాయి. పెద్ద రాళ్లను ఎంచుకున్నాయి. రంపపుపొట్టు నింపిన గొట్టంలో రాళ్లు వేయడం దండగని గ్రహించాయి. 2014లో న్యూ కాలెడోనియా కాకులతో ఈ ప్రయోగాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. అవి తేలే వస్తువులను వదిలి మునిగేవాటినే వేశాయి, బోలుగా ఉన్నవాటిని వదిలి గట్టివాటిని వేశాయి. ఇక్కడిదాకా చదివితే కథలోని కాకి నిజమైపోయిందనిపిస్తుంది. అయితే అదే పరిశోధనలో మరో అమరిక ఉంది. పైకి విడివిడిగా కనిపించే రెండు గొట్టాలను అడుగున, కంటికి కనబడకుండా కలిపారు; ఒకదానిలో రాయి వేస్తే పక్కన తిండి ఉన్న సన్నని గొట్టంలో నీరు లేస్తుంది. కాకులు దాన్ని పట్టుకోలేకపోయాయి. ఈ వైఫల్యమే నాకు ఆ ప్రయోగంలో అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. వాటి అవగాహన ఎక్కడిదాకా వెళ్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది విజయాలు చెప్పలేదు, అది చెప్పింది.

ఇదే పద్ధతిని ప్రయోగశాల లేకుండా కూడా పాటించవచ్చు. మన చేపలరేవు దగ్గర నెత్తళ్లు ఎండబెట్టే చోట ఒక చలికాలం ఉదయం మేము నిలబడి ఉన్నాము. ఒక ఊరకాకి గట్టిగా ఎండిన నెత్తల్లిని ముక్కున కరుచుకుని, చాపల మధ్యనుంచి గెంతుకుంటూ, మంచుపెట్టెలు కడిగిన నీళ్లు నిలిచిన చిన్న గుంట దగ్గరికి వెళ్లింది. చేపను తోకవైపు పట్టుకుని నీళ్లలో ముంచింది, తీసింది, కాలితో అదిమి ఒకసారి పొడిచి చూసింది, మళ్లీ ముంచింది. రెండోసారి తీసినప్పుడు చేప వంగింది, అప్పుడు తల దగ్గర చీల్చి తినడం మొదలుపెట్టింది. మాతో ఉన్న ఒక విద్యార్థిని ‘మెత్తబడుతుందని దానికి తెలుసు సార్’ అంది. నేను ఆ అమ్మాయిని మిగిలిన ఉదయమంతా ఒక్క పని చేయమన్నాను: కాకులు పచ్చిచేపలను, మెత్తని పేగులను కూడా ముంచుతున్నాయేమో చూడమన్నాను. కొన్ని కాకులు వాటినీ ముంచాయి. కాబట్టి ముంచడం ఆ కాకులకు ఒక అలవాటు. ఉప్పో ఇసుకో వదలడానికి కావచ్చు, మెత్తబరచడానికి కావచ్చు. కానీ ఆ మొదటి కాకి మధ్యలో పొడిచి చూసి మళ్లీ ముంచింది కదా. అది పచ్చిచేప దగ్గర జరగలేదు. ఈ చిన్న తేడాను పట్టుకుని ఆ అమ్మాయి ఆ సెలవులన్నీ రేవులోనే గడిపింది. మంచి పరిశీలన మొదలయ్యేది ఇలాంటి తేడాల దగ్గరే.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న: మిగిలిన రెండు కోతులకూ విద్య ఎలా అబ్బింది? ఇంగ్లండ్‌లో 1921 నాటికే బ్లూ టిట్ వంటి చిన్న పిట్టలు ఇళ్ల గుమ్మాల ముందు పెట్టిన పాలసీసాల మూతలు చీల్చి మీగడ తాగడం మొదలైంది. సౌతాంప్టన్ దగ్గర మొదట నమోదైన ఈ అలవాటు దేశంలో చాలా చోట్లకు పాకిన తీరును ఫిషర్, హైండ్ అనే ఇద్దరు 1949లో వివరంగా ప్రచురించారు. పిట్టలు ఒకదాన్ని చూసి మరొకటి అనుకరించాయని లోకమంతా అనుకుంది. 1984లో షెర్రీ, గేలెఫ్ అనే పరిశోధకులు పిట్టలతో ఒక సరళమైన పరీక్ష చేశారు. కొన్నిటికి మూత తీసే పిట్టను చూపించారు. మరికొన్నిటికి ఏ పిట్టనూ చూపించకుండా, ముందే తెరిచి ఉన్న డబ్బాలోంచి మీగడ తాగనిచ్చారు. ఆ తర్వాత మూసి ఉన్న డబ్బాలను ఇస్తే రెండో గుంపులోని పిట్టలు కూడా తెరవడం నేర్చుకున్నాయి. అంటే గురువును చూడనక్కరలేదు. గురువు వదిలి వెళ్లిన తెరిచిన డబ్బా చాలు. అది ‘ఇక్కడ తిండి ఉంది’ అని చెప్తుంది, ఆ తర్వాత పిట్ట తన ముక్కుతో తానే తంటాలు పడి నేర్చుకుంటుంది. మీ డాబా మీద కారుతూ వదిలేసిన కుళాయి సరిగ్గా ఆ తెరిచిన డబ్బా. దాహంతో వచ్చిన రెండో కోతి ధారగా కారే నీళ్లు తాగింది. మర్నాడు ధార లేకపోతే ఆ మూతి చుట్టూనే చేతులు, పళ్లు పెట్టి పీకుతుంది. పావుచుట్టు పిడి కదలడానికి ఎంతో సేపు పట్టదు. మొదటి కోతి పక్కన కూర్చోనిచ్చేది దాని దగ్గరి బంధువులనే అయితే, అవే ముందుగా ఆ చోటుకు చేరతాయి. దాని అర్థం అవి చేతి కదలికను అనుకరించాయని కాదు.

కోతుల విషయంలో అందరూ చెప్పే ఉదాహరణ జపాన్‌లోని కోషిమా దీవిది. పరిశోధకులు 1952 నుంచి అక్కడి కోతులకు ఒడ్డున చిలగడదుంపలు వేసేవారు. 1953లో ఇమో అని పేరు పెట్టిన ఏడాదిన్నర ఆడపిల్ల దుంపకు అంటిన ఇసుకను నీళ్లలో కడిగి తినడం మొదలుపెట్టింది. ముందు దాని ఆటల జతగాళ్లకు, తల్లికి అలవాటైంది. అయిదేళ్ల తర్వాత, 1958 నాటికి, రెండు నుంచి ఏడేళ్ల వయసున్న 19 కోతుల్లో 15 కడుగుతున్నాయి. అంతకంటే పెద్దవి 11 ఉంటే వాటిలో రెండే కడుగుతున్నాయి. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ‘నూరో కోతి నేర్చుకోగానే చుట్టుపక్కల దీవుల కోతులన్నిటికీ ఆ విద్య దానంతట అదే వచ్చేసింది’ అని చెప్తుంటారు. నేను మన నగరంలోనే ఒక పెద్ద సభలో విన్నాను. అది నిజం కాదు. ఆ అలవాటు చాలా నెమ్మదిగా, ఒక్కొక్క కోతినే పట్టుకుంటూ, ప్రధానంగా పిల్లలకు తల్లుల వల్ల సాగింది. ముసలి మగకోతులు చివరిదాకా నేర్చుకోలేదు. నిజమైన కథ ఇంత అందంగా ఉండగా అబద్ధపు కథ ఎందుకు చెప్పాలో నాకు అర్థం కాదు. మీ విషయంలో మూడు వారాలకే రెండు కోతులు నేర్చుకోవడం కోషిమాతో పోలిస్తే వేగమే. ఆ వేగానికి కారణం కోతుల ప్రతిభ కంటే మీ కుళాయి పిడి సులువు అని నా అనుమానం.

మందలో అంత మంది ఉండగా ఆ ఒక్క ఆడకోతే ఎందుకు కనిపెట్టింది? కెన్యాలో అడవి హైనాలకు మాంసం పెట్టిన ఇనుప పెట్టెను ఇచ్చి, గడియ తీయగలవేమో సారా బెన్సన్ ఆమ్రమ్, కే హోల్‌క్యాంప్ పరీక్షించి 2012లో ప్రచురించారు. 62 హైనాల్లో 9 మాత్రమే తీయగలిగాయి. తీసినవాటి ప్రత్యేకత ఏమిటంటే, అవి కొత్త వస్తువుకు తక్కువగా బెదిరాయి, మొదటి పరిచయంలోనే పెట్టెను కొరకడం, తోయడం, దొర్లించడం, లాగడం వంటి రకరకాల పనులు చేసి చూశాయి. ఒకే పనిని నూరుసార్లు చేయడం కంటే పది రకాల పనులు చేయడం ఫలించింది. వానర జాతుల మీద ప్రచురితమైన నివేదికలను రీడర్, లేలాండ్ అనే పరిశోధకులు కలిపి చూసినప్పుడు, పెద్ద హోదా ఉన్నవాటి కంటే హోదా తక్కువ ఉన్నవాటిలో నవకల్పనలు ఎక్కువగా నమోదయ్యాయని తేలింది. మందలో నీళ్ల తొట్టి దగ్గర ముందు వరస దొరకనిదే పక్క దారి వెతుకుతుంది. మీ ఆడకోతి మందలో ఎక్కడ కూర్చుంటుంది, మిగిలినవి వస్తే తప్పుకుంటుందా అన్నది నాకు రాయగలరా?

ఇక ఆపడం సంగతి. సిడ్నీలో కాకటూ చిలుకలు ఇళ్ల ముందున్న చెత్తడబ్బాల మూతలు ఎత్తి తినడం నేర్చుకున్నాయి. 2018కి ముందు మూడు పేటల్లో కనిపించిన ఈ పని 2019 చివరికి 44 పేటలకు చేరిందని బార్బరా క్లంప్, లూసీ ఆప్లిన్ బృందం 2021లో చూపించింది. జనం మూతల మీద ఇటుకలు పెట్టారు. కొన్ని చిలుకలు ఇటుకలను తోసేయడం నేర్చుకున్నాయి. జనం మూత కీలు దగ్గర పాత చెప్పులు దూర్చారు, బరువులు కట్టారు. ఒక అడ్డంకి పనిచేయకపోతే ఇంకా గట్టిది పెట్టడం, అదీ పక్కింటివాళ్లను చూసి పెట్టడం వాళ్లూ నేర్చుకున్నారు. దీనిలోంచి మనం తీసుకోవలసింది ఒకటుంది: అడ్డంకిని మెట్టుమెట్టుగా పెంచితే జంతువుకు మనమే మెట్టుమెట్టుగా శిక్షణ ఇచ్చినట్టు అవుతుంది. బాలిలోని ఉలువాటు గుడి దగ్గర కోతులు భక్తుల కళ్లజోళ్లు, ఫోన్లు లాక్కుని, తిండి ఇస్తే గానీ తిరిగి ఇవ్వవు. వయసు వచ్చిన కోతులు జనం ఎక్కువ విలువ ఇచ్చే వస్తువులనే ఎంచుకుంటాయని 2021లో ప్రచురితమైంది. సింహాచలం మెట్ల మీద కళ్లజోడు పట్టుకున్న కోతికి అరటిపండు చూపించే ప్రతి భక్తుడూ అదే బేరం నేర్పుతున్నాడు. కొండముచ్చు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కట్టమని ఎవరైనా చెప్తే డబ్బు దండగ చేసుకోకండి. కదలని, కరవని కొండముచ్చు పక్కన కొన్నాళ్లకే కోతులు కూర్చుని పేలు చూసుకుంటాయి.

మీరు చేయవలసినది ఒకే రోజున, పూర్తిగా చేయండి. కుళాయిలో అరిగిన భాగాన్ని మార్పించి చుక్క కారడం ఆపండి, ఎందుకంటే కోతిని డాబాకు రప్పించేది ఆ చుక్కే. పావుచుట్టు కుళాయి తీసేసి, నాలుగైదు చుట్లు తిప్పితే గానీ నీరు రాని పాతకాలపు మరకుళాయి పెట్టించండి. అవసరం లేనప్పుడు దాని పిడిని ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి. పైపు మీద నాలిక పెట్టడానికి తేమ కూడా మిగలకూడదు. ఒక రోజు పిడి తీసి, మర్నాడు మరిచిపోయి, మూడోనాడు మళ్లీ తీశారంటే పరిస్థితి మొదటికంటే చెడుతుంది. అప్పుడప్పుడు మాత్రమే దొరికే బహుమానంతో పడ్డ అలవాటు, రోజూ దొరికేదాంతో పడ్డదాని కంటే మొండిది. అదే కారణంతో మీ వరసలోని ఇళ్లవాళ్లతో మాట్లాడండి. పక్క డాబా మీద అదే రకం కుళాయి కారుతూ ఉంటే మీ జాగ్రత్త వాటిని అక్కడికి పంపిస్తుంది, అంతే. యుక్తవయసుకొచ్చిన మగకోతి ఒకటి ఈ విద్య నేర్చుకుని మంద విడిచి వెళ్తే, కొండకు అవతలి మందకు కూడా ఇది చేరవచ్చు. అందుకని ఆలస్యం చేయవద్దని నా సలహా.

అయితే కుళాయి మార్చే ముందు నాకోసం మూడు ఉదయాలు ఇవ్వండి. పిట్టగోడ మీద కనిపించకుండా ఫోను పెట్టి, కోతులు రావడానికి ముందునుంచి వెళ్లిపోయే దాకా రికార్డు చేయండి. ఏ కోతి వచ్చింది, ముందు ఏం తాకింది, చేతితో తిప్పిందా పళ్లతోనా, పిడిని వెనక్కి తోసిన సందర్భాలెన్ని, ధార రావడానికి ఎంత సేపు పట్టింది అన్నవి రాయండి. ఒక ఉదయం ట్యాంకునుంచి వచ్చే వాల్వు కట్టేసి ఉంచండి. పిడి తిరిగినా నీరు రాకపోతే అది పిడినే పదేపదే తిప్పుతుందా, పైపు వెంట ట్యాంకు వైపు చూస్తుందా, మూత దగ్గరికి వెళ్తుందా? మొదటి ఆడకోతి ఒక రకంగానూ, తర్వాత నేర్చుకున్న రెండూ ఇంకో రకంగానూ తిప్పుతుంటే, అవి దాన్ని అనుకరించలేదనడానికి అది గట్టి ఆధారం. కొత్త కుళాయి పెట్టిన మొదటి ఉదయం కూడా తప్పకుండా రికార్డు చేయండి. పిడి ఉండవలసిన చోట ఒట్టి ఇనుప మొన కనిపించినప్పుడు మూడింటిలో ఏది ముందు వదిలేసి వెళ్తుంది, ఏది కొరికి, నొక్కి, లాగి, చుట్టూ తిరిగి చూస్తుంది అన్నదే నేను అన్నిటికంటే ఎక్కువగా చూడాలనుకుంటున్నాను.